రూపాయి బయానా

నా బామ్మర్ది సైదులు మా ఇంటిని రెండు ముక్కలు చేశాడు. ఇందులో అనుమానమేమీ లేదు. వచ్చే నెల వాడి కూతురి పెళ్లి. శుభలేఖ పట్టుకుని ఇప్పటికి ముగ్గురు పెద్దమనుషులు నా గడప తొక్కారు. పోయిన భార్యకు తమ్ముడు, నీ కొడుక్కి మేనమామ, ఎంత పగైనా పెళ్లికి రాకపోతే ఎట్లా అన్నారు. అంత పగ పట్టే సంగతి ఏం జరిగిందో చెప్పమన్నారు. నేను చెప్పలేదు. ఇక్కడ ఒక్కసారి రాస్తున్నాను. ఏడో తరగతి దాకా చదివాను. ఇది రాయడానికి ఆ చదువు చాలు.

ఆ ఏడు మా మర్రిగూడ వైపు దసరా, ఉప ఎన్నిక ఒకదాని మీద ఒకటి పడ్డాయి. శ్రావణం నుంచే ఊళ్లలోకి కార్లు రావడం మొదలైంది. ఒక పార్టీ వాళ్లు బడి వెనక వండిస్తే ఇంకో పార్టీ వాళ్లు పత్తి మిల్లు దగ్గర వండించారు. జనం రెండు చోట్లా తిన్నారు. మామూలు దసరాకే పొట్టేళ్లు దొరకవు. ఆ దసరాకు కొమ్ములు మొలవని పిల్లలను కూడా బేరం చేశారు. గొర్రెలు కాసేవాడికి అంతకు మించిన కాలం రాదు.

నా మందలో పన్నెండు పొట్టేళ్లు నావి కావు. భద్రమ్మవి. పెళ్లినాడు ఆమె తండ్రి రెండు ఆడ గొర్రెలను అరణంగా ఇచ్చాడు. మా కురుమల్లో అరణం గొర్రెల సంతతి ఆడమనిషిదే. వాటికి కుడిచెవి మీద గాటు పెడతాము. మేపేది మొగుడు, అమ్మేది పెండ్లాము. ప్రతి దసరాకు ఆమె పొట్టేళ్లను ఆమే అమ్మేది. మంచం మీద కూర్చుని బేరం చేసేది. మా ఊరి ఫ్లోరైడు బోరు నీళ్లు తాగిన కాళ్లు కాబట్టి నలభై ఏండ్లకే కింద కూర్చోలేకపోయింది. బేరంలో మాత్రం నా కన్నా గట్టిది.

ఆమె కరోనా రెండో విడతలో పోయింది. ఊళ్లో చేతికి సూది పెట్టేవాళ్లు లేరు. సెలైన్ సీసా తెచ్చి గోడకు మేకు కొట్టి వేలాడదీసి, అది ఎక్కించే మనిషి కోసం ఒక పగలంతా చూశాము. మా కోడలు త్రివేణి ఫోన్లో ఎవరినో అడుగుతూ సూది చేతిలో పట్టుకుని నిలబడింది గానీ పొడవడానికి ఆమెకు ధైర్యం చాలలేదు. అది చూసే భద్రమ్మ అన్నది, నా పొట్టేళ్ల పైసలు త్రివేణికే, నర్సు చదువు చదవాలె అని. నేను విన్నాను. నా కొడుకు గిరి విన్నాడు. ఆ తెల్లవారి ఆమె లేదు.

ఏడాది తిరిగాక త్రివేణికి నల్లగొండలో ఒక నర్సింగ్ కాలేజీలో సీటు వచ్చింది. ఇంటర్‌లో ఆమె చదివింది ఆ చదువుకు పనికొచ్చే బైపీసీ. దసరా సెలవులు అయిపోయేలోపు ఫీజు, హాస్టలు కట్టాలి. భద్రమ్మ అంతకుముందు దసరాలకు దాచిన సొమ్ము నా బ్యాంకు ఖాతాలో ఉంది. ఆ ఏటి పన్నెండు పొట్టేళ్లు అమ్మితే మిగతా ఏండ్లకూ సరిపోతుంది. లెక్క అంతే. తప్పిపోయే లెక్క కాదు.

పెత్తరమాస నాడు సైదులు వచ్చాడు. అక్క పేరు మీద బియ్యం ఇచ్చి, తిని, మంచం మీద వాలాడు. మెడలో కండువా ఉంది. పొద్దున ఇంకో రంగు కండువాతో చౌరస్తాలో చూశాను. ఏ పార్టీరా అని అడిగాను.

"కూర మంచిగుండే పార్టీ బావా" అన్నాడు.

తర్వాత ఫోను తీసి చూపించాడు. అందులో భద్రమ్మ పొట్టేళ్లు. తుమ్మచెట్టు కింద నిలబడి ఉన్నాయి. నన్ను అడగకుండా ఫొటో తీసి, గొర్రెలు అమ్మేవాళ్ల గ్రూపులో నా నంబరుతో సహా పెట్టాడు. ఎందుకు పెట్టావంటే, మా అక్క పొట్టేళ్లకు నేను గిరాకీ తేవద్దా అన్నాడు. హైదరాబాద్ మిలిటరీ మెస్సు నుంచి ఒక సుబేదారు అడుగుతున్నాడట. దసరాకు ఒకే చోట పన్నెండు కావాలట. మిలిటరీ వాళ్లు బేరమాడరు, బాకీ పెట్టరు, లారీ వాళ్లదే వస్తుంది. ఇదంతా సైదులు నోటితో చెప్పిందే. వాడు ఆ మనిషిని చూడలేదు. ఫోన్లో గొంతు విన్నాడు, అంతే.

ఆ సాయంత్రం ఫోను మోగింది. ఆ ఫోను భద్రమ్మది. ఆమె ఉన్నప్పుడే త్రివేణి దాన్ని నా ఖాతాకు కలిపింది, ఆమె పోయాక నాకు పైసలు పంపడం, వచ్చినవి చూసుకోవడం నేర్పింది. మాట్లాడినవాడు తెలుగులో హిందీ కలిపి మాట్లాడాడు. నన్ను సార్ అన్నాడు. అరవై ఏండ్లలో నన్ను సార్ అన్నవాడు వాడొక్కడే. నేను చెప్పిన ధరకు సరే అన్నాడు. వచ్చి పొట్టేలు నడుము పట్టి చూడకుండా, పల్లు చూడకుండా బేరం ఒప్పుకున్న మనిషిని అంతకుముందు నేను చూడలేదు. మిలిటరీ కదా అనుకున్నాను.

"సార్, పహలే ఒక్క రూపాయి పంపుతున్న. మీకు పడ్డదో లేదో చూడుండ్రి. పడితే మిగిలింది పండుగ ముందు పంపుత" అన్నాడు.

ఫోను టింగుమంది. రూపాయి పడింది. పడిందని చెప్పాను.

ఇక్కడ ఒక సంగతి రాయాలి, లేకపోతే చదివేవాళ్లు నన్ను వట్టి పిచ్చివాడు అనుకుంటారు. మాలో బేరం ఖాయం చేసే బయానా చేతిలో పడ్డదంటే గొర్రె మనది కాదు. నడుము మీద ఎర్రమట్టి జాజు పూసి వేరుగా కడతాము. ఆ తర్వాత దొర వచ్చి రెట్టింపు ఇచ్చినా అమ్మము. ఈలోపు పులి పట్టినా పాము కరిచినా ఇంకోటి తెచ్చి ఇవ్వాల్సింది మేమే. బయానా తిని మాట తప్పినవాడి మందను తర్వాత ఎవరూ కొనరు. వాడి పేరుకు ముందు ఆ మాట అతుక్కుంటుంది, మనవల తరం దాకా వదలదు. బయానా ఎంత అన్న లెక్క లేదు. మా తాత ఒకడి దగ్గర పొగాకు కట్ట తీసుకుని పది గొర్రెలు ఆపాడు.

రూపాయి పడింది. నేను లేచి జాజు కలిపి పన్నెండింటి నడుముల మీదా పూశాను.

త్రివేణి మూడోనాడు చౌటుప్పల్ నుంచి వచ్చింది. గిరికి అక్కడ మందుల కంపెనీలో పని, హైవే వెనక ఒక గది కిరాయికి తీసుకుని ఉంటున్నారు. బతుకమ్మకు ఆడపిల్లలు తల్లిగారింటికి పోతారు. నువ్వెందుకు పోలేదని అడిగాను. అక్కడ వదినెలు ఉన్నారు, ఇక్కడ అత్త లేని ఇంట్లో బతుకమ్మ పేర్చేవాళ్లు ఎవరని అన్నది. పొద్దున్నే గుట్ట వైపు పోయి తంగేడు, గునుగు తానే కోసుకొచ్చింది. గునుగుకు రంగులద్దింది. భద్రమ్మ కూర్చునే మంచం మీద కూర్చోలేదు, కింద కూర్చుని పేర్చింది. ఇవన్నీ నేను చూశాను. చూడలేదని అనను.

మాల్ ఊరి గొర్రెల సంత బేరగాడు విజేందర్ ఆ రోజే బండి తెచ్చుకుని వచ్చాడు. ఏటా భద్రమ్మ దగ్గర కొనేవాడు వాడే. దొడ్డిలోకి దిగి ఒక్కొక్కదాని నడుము పట్టి చూశాడు. ఎన్నికల వంటలకు కావాలి, సైదులు చెప్పిన మిలిటరీ వాడి ధర కన్నా జోడుకు రెండు వేలు ఎక్కువ ఇస్తా, నోట్లు జేబులోనే ఉన్నాయి అన్నాడు. జాజు చూపించాను. బయానా అయిందన్నాను.

"ఎంతిచ్చిండు కాకా?"

"రూపాయి."

విజేందర్ దగ్గు వచ్చేదాకా నవ్వాడు. "రూపాయికి అగ్గిపెట్టె గూడ రాదు గదనే. ఫోన్ల కొట్టిన రూపాయిని బయానా అంటరా ఎవలన్న?"

నేను అంటాను అన్నాను. ఇంకో నాలుగు మాటలు నచ్చజెప్పాడు. నేను కదలలేదు. బండి ఎక్కుతూ, పండుగ దాటాక నువ్వే ఫోను చేస్తావు, అప్పుడు ఈ ధర ఉండదు అని చెప్పి పోయాడు.

వాకిట్లో పూల కాడలు కోస్తున్న త్రివేణి అంతా విన్నది. బండి పోయేదాకా ఆగి వచ్చింది. ఆమె గొంతు పెంచే మనిషి కాదు.

"మామా, గది బయానా గాదు. మన ఖాతా నడుస్తున్నదా లేదా అని జూస్తరు గట్ల. మా పక్క రూమామెకు పోయిన దీపావళికి గిట్లనే అయింది. పాత ఫ్రిజ్ అమ్మకానికి పెట్టింది. మిలిటరోన్నే అన్నడు. రూపాయి పంపిండు. మల్ల ఉన్నదంత ఊడ్చిండు."

"ఆమె ఫ్రిజ్ అమ్మింది. నేను గొర్లు అమ్ముతున్న" అన్నాను.

"పండుగలొచ్చినప్పుడే గీళ్లు జమైతరు మామా. అందరు అమ్ముడు కొనుడు మీద ఉంటరని ఎరుక. సరే, వాడు నిజమైనోడే అనుకుందాం. పైసలు పంపుతడు, పడుతయి. పడేటందుకు మీరు ఏమి నొక్కేది లేదు, ఏ నంబరు కొట్టేది లేదు. పిన్ కొట్టినమంటే పైసలు మనయే పోతున్నట్టు. గంతే యాదుంచుకోండ్రి."

ఫోను నా చేతిలోంచి తీసుకుని వెనక అట్ట ఊడదీసింది. లోపల ఒక చీటీ. ఒకప్పుడు భద్రమ్మ కోసం త్రివేణే రాసిపెట్టింది. అక్షరాలు పెద్దగా, అత్తకు కనబడేట్టు రాసింది. *పైసలు వచ్చేటప్పుడు పిన్ అడగరు. అడిగితే దొంగ.* కింద ఈ మధ్యే కలిపి రాసిన పోలీసుల సైబర్ నంబరు: 1930. చీటీని మళ్లీ లోపల పెట్టి అట్ట బిగించి ఇచ్చింది.

గొర్ల బేరం నువ్వు నాకు నేర్పేటందుకు వచ్చినవా అన్నాను. ఆమె పూల దగ్గరికి పోయింది.

సద్దుల బతుకమ్మ నాడు మధ్యాహ్నం అయ్యాక ఆ సుబేదారు ఫోను చేశాడు. నేను దొడ్డి వెనక ఉన్నాను. త్రివేణి వాకిట్లో ఉంది. వీధిలో ఆడవాళ్లు అప్పుడే తయారై, ఎవరి బతుకమ్మ ఎంత ఎత్తు అని చూసుకుంటున్నారు. వాడి వెనక చాలామంది మాట్లాడుతున్న చప్పుడు వినిపించింది. మెస్సు అని అనుకున్నాను. లారీ తెల్లవారి వస్తుంది, సొమ్ము మొత్తం ఇప్పుడే వేస్తున్నా, మిలిటరీ ఖాతా కాబట్టి మీరు ఒప్పుకున్నట్టు నంబరు కొట్టాలి, లేకపోతే మా ఆఫీసరు సంతకం పెట్టడు అన్నాడు.

చీటీ నాకు గుర్తుంది. మరిచిపోయానని అబద్ధం రాయను. అట్ట మీద నా బొటనవేలు ఉంది. దాని కింద ఆ చీటీ ఉంది.

"సార్, టైం లేదు. మీకు భరోసా లేకపోతే చెప్పుండ్రి, వేరే పార్టీ ఉన్నది. బయానా తీసుకుని గిట్ల జేస్తరా?" అన్నాడు.

ఆ మాటకు కొట్టాను. నాలుగంకెలు. ఫోను టింగుమంది. వాడు అయ్యో సార్, ఉల్టా అయింది, మీవే ఇటు వచ్చినయి, ఇంకోసారి కొడితే రెండూ కలిపి పడతాయి అన్నాడు. మళ్లీ కొట్టాను. మూడోసారి కూడా కొట్టాను. మూడోసారి ఎందుకు కొట్టానో ఎవరూ అడగలేదు.

త్రివేణి పసుపు గౌరమ్మకు తమలపాకు కోసం దొడ్డి వైపు వచ్చి నా మొహం చూసింది. ఫోను అందుకుని చదివింది. ఆమె చేతికి పసుపు ఉంది, అద్దం మీద అంటుకుంది. ఖాతాలో రూపాయి తక్కువ నూరు మిగిలింది. ఆమె అరవలేదు.

"మామా, ఇప్పుడే ఆ నంబరుకు చెప్దాం. పందొమ్మిది ముప్పై. గంటలోపల చెప్తే పైసలు ఆడికాడ ఆపుతరు. నేను మాట్లాడుత, మీరు పక్కకుండుండ్రి, చాలు."

బయట ఆడవాళ్లు ఆమెను పిలుస్తున్నారు. ఊరంతా మా వాకిట్లోనే ఉన్నట్టు ఉంది. అప్పుడు ఫోను చేస్తే, అందరూ వింటారు. గుర్వయ్య రూపాయికి మోసపోయాడని పొద్దు గూకేలోపు చెరువు గట్టు దాకా పోతుంది. విజేందర్ మాల్ సంతలో చెప్పుకుంటాడు. అదొక్కటే నా తలలో ఉంది.

వద్దన్నాను. లారీ తెల్లవారి వస్తుంది, బయానా తీసుకున్నాను, వాడు వచ్చేదాకా చూద్దామన్నాను.

"లారీ రాదు మామా" అన్నది.

ఫోను ఆమె చేతిలోంచి తీసుకున్నాను. బనీను జేబులో పెట్టుకుని మంద వెంట పోయాను. ఆమె బతుకమ్మ ఎత్తుకుని చెరువుకు పోయింది. పోకపోతే ఎందుకు రాలేదని అడుగుతారు కదా. పాటకు చప్పట్లు కొడుతూ తిరిగిందట. పొద్దున పక్కింటి గుర్వమ్మ చెప్పింది, మీ కోడలు మంచిగ ఆడింది అని.

తెల్లవారింది. లారీ రాలేదు. వాడి ఫోను పనిచేయలేదు. గిరి మధ్యాహ్నం చౌటుప్పల్ నుంచి వచ్చాడు. వచ్చీ రాగానే దొడ్డిలో జాజు పూసిన పొట్టేళ్లు చూశాడు. ఇంకా అమ్మలేదా బాపూ, ఫీజు తేదీ దగ్గరికొచ్చింది అన్నాడు. ఖాతాలో ఉన్నవి ముందు కడదామని ఫోను అడిగాడు. ఇచ్చాను. చూశాడు.

"బాపూ, ఏడికి పోయినయి?"

త్రివేణి రోట్లో నువ్వులు దంచుతోంది. దంచడం ఆపింది.

"ఫోను సంగతి నీ భార్యకే ఎరుక" అన్నాను.

అన్నది అంతే. ఆమె కొట్టిందని నేను అనలేదు. గిరి ఆమె వైపు తిరిగాడు. ఫోను అద్దం మీద పసుపు మరక ఇంకా ఉంది. ఆమె నన్ను చూసింది. నేను మాట్లాడతానని చూసింది. మామ ముందర మామ మాట కాదనే ఇంటి నుంచి వచ్చిన పిల్ల కాదు. కొంతసేపటికి రోకలి ఎత్తి మళ్లీ దంచింది. గిరి దాన్నే జవాబు అనుకున్నాడు.

సైదులు అప్పుడే గుమ్మంలోకి వచ్చాడు. లారీ వచ్చిందా అని అడగడానికి వచ్చాడు. త్రివేణి చేతిలో పైసలు పోయాయని గిరి చెప్పింది విన్నాడు. వాడి నోట్లో మాట ఒక పూట కూడా నిలవదు. ఈసారి నిలవకపోవడానికి కారణం కూడా ఉంది. ఆ సుబేదారును తెచ్చింది వాడు. తప్పు కోడలిదైతే వాడిది కాదు.

దసరా సాయంత్రం ఊరంతా జమ్మి చెట్టు దగ్గరికి పోయాము. పూజ అయ్యాక ఆకు తెంపి, బంగారమని ఒకరి చేతిలో ఒకరు పెట్టుకుని అలయ్ బలయ్ తీసుకుంటున్నారు. ఎన్నికల వాళ్లు కూడా వచ్చి కండువాలతోనే అందరినీ కౌగిలించుకున్నారు. నా చుట్టూ ఎనిమిది మంది దాకా ఉన్నారు. మా కులపెద్ద మారయ్య ఉన్నాడు. సైదులు ఉన్నాడు, అప్పటికే తాగి ఉన్నాడు.

త్రివేణి ఆడవాళ్లలోంచి వచ్చింది. నా చేతిలో జమ్మి ఆకు పెట్టి వంగి కాళ్లు మొక్కింది.

"సూడుండ్రి, సదువుకున్న కోడలు. ఉన్నయి ఊడ్చి దొంగకిచ్చింది, ఇప్పుడు మామకు జమ్మి బంగారమిస్తున్నది. లెక్క సరిపాయె బావా" అన్నాడు సైదులు.

నలుగురు నవ్వారు. మారయ్య నవ్వలేదు. నిజమేనా గుర్వయ్యా, పిల్ల చేతిలో పోయినయంట గదా అని మెల్లగా అడిగాడు. అడగడం మంచికే అడిగాడు. త్రివేణి ఇంకా నా కాళ్ల దగ్గరే వంగి ఉంది. నెత్తి మీద చెయ్యి పెట్టాలి. పెట్టాను.

"సల్లంగుండు" అన్నాను.

మారయ్యకు జవాబు చెప్పలేదు. ఆమె లేచి కొంగు సర్దుకుని వెనక్కి పోయింది. పండుగ జరిగింది.

మరునాడు పొద్దున బస్సుకు ఇద్దరూ పోయారు. వాళ్లు పోయాక నేను స్టేషనుకు పోయాను. ఎవరికీ చెప్పలేదు. అక్కడ ఒక ఆడ కానిస్టేబులు కాగితమిచ్చి, జరిగింది జరిగినట్టు రాయమన్నది. పిన్ ఎవరు కొట్టారో కూడా రాయండి, అది ముఖ్యం అన్నది. రాశాను. నేనే కొట్టాను, మూడుసార్లు కొట్టాను అని రాసి సంతకం పెట్టాను. ఆమె చదివి ఎప్పుడు జరిగిందని అడిగింది. మూడు రోజులైందన్నాను. అప్పుడే ఫోను చేసి ఉంటే చాలా మటుకు ఆగేవి పెద్దాయనా, ఇప్పుడు ఎన్ని ఖాతాలు దాటాయో అన్నది. ఇంట్లో చదువుకున్నవాళ్లు ఎవరూ లేరా అని కూడా అడిగింది. ఉన్నారని చెప్పాను. ఒక నకలు ఇచ్చింది. మడిచి సంచిలో పెట్టుకున్నాను.

ఆ వారమే విజేందర్‌కు ఫోను చేశాను. వచ్చాడు. ఎన్నిక ఇంకా అయిపోలేదు కాబట్టి ధర పెద్దగా తగ్గలేదు. ఈసారి నవ్వలేదు. ఒక పొట్టేలు నడుము మీది జాజును బొటనవేలితో రుద్ది చూశాడు, అది పోలేదు. మిలిటరీ వాడు వచ్చాడా అని అడగకుండానే నోట్లు చేతిలో పెట్టాడు. అవి త్రివేణి సీటుకు సరిపోతాయి. భద్రమ్మ అన్న మాట ఇంకా నిలబడే ఉంది. అది నేను నిలబెట్టగలను.

అదే సంచిలో నోట్లు వేసుకుని చౌటుప్పల్ పోయాను. గిరి డ్యూటీలో ఉన్నాడు. త్రివేణి చాప వేసి నీళ్లిచ్చింది. గది చిన్నది. గోడకు మేకు మీద ఆమె సర్టిఫికెట్ల కవరు వేలాడుతోంది. సంచి చాప మీద పెట్టాను. మీ అత్త పొట్టేళ్ల పైసలు, సీటు కట్టుకో, తేదీ ఇంకా నాలుగు రోజులుంది అన్నాను.

ఆమె సంచిని ముట్టుకోలేదు.

"గిరికి చెప్పిండ్రా మామా?"

"ఏం చెప్పాలె?"

ఆమె నా ముందరి ఖాళీ గ్లాసు తీసి పక్కన పెట్టింది. 

"అత్త ఇస్తనన్నది ఇంటి పైసలు పోగొట్టిన కోడలికి గాదు మామా. గా పేరు నా మీద ఉండంగ నేనెట్ల తీసుకుంట. మీరు ఒక్క మాట చెప్పుండ్రి. ఊరికి అక్కర లేదు. గిరికి చెప్పుండ్రి చాలు. సాయంత్రం ఆరింటికి వస్తడు."

అప్పటికి నాలుగు దాటింది. రెండు గంటలు కూర్చుంటే గిరి వచ్చేవాడు. మందను గుర్వమ్మ మొగుడికి అప్పజెప్పి వచ్చాను, పోవాలి అన్నాను. సంచి అక్కడే వదిలి లేచాను. ఆమె గడప దాకా వచ్చింది. భోజనం చేసి పోండ్రి మామా అన్నది, అట్లా అనకుండా పంపే మనిషి కాదు కాబట్టి. నేను ఐదు గంటల బస్సెక్కాను.

వారం తర్వాత గిరి ఆ సంచి తెచ్చాడు. నోట్లు కట్ట విప్పలేదు. వాటి మీద నకలు కాగితం ఉంది, మడత విప్పి ఉంది. అది సంచిలో ఉందని నాకు తెలిసే వదిలానా, మరిచి వదిలానా, ఇప్పుడు చెప్పలేను. సీటు తేదీ దాటిపోయింది.

"గీ కాగితం నాకు దొరికింది నిన్ననే. సంచి ఆమె ముట్టలే, నన్ను ముట్టనియ్యలే. బియ్యం డబ్బ కోసం జరుపుతుంటే బయటపడ్డది" అన్నాడు.

నేను ఆ కాగితాన్ని మళ్లీ మడిచాను.

"జమ్మి కాడ గీ ఒక్క మాట అంటే అయిపోతుండె గద బాపూ. పైసలదేమున్నది."

సంచి భద్రమ్మ మంచం మీద పెట్టాడు. నీళ్లు కూడా తాగకుండా పోయాడు.

త్రివేణి ఇప్పుడు అదే మందుల కంపెనీలో గోలీల డబ్బాలకు చీటీలు అంటిస్తుంది. పొద్దు షిఫ్టు. వాళ్లు దసరాకు రారు. బతుకమ్మ తల్లిగారింట్లో ఆడుతుందట. గిరి నెలకోసారి ఫోను చేస్తాడు, మందులు వేసుకుంటున్నావా అని అడుగుతాడు, పెట్టేస్తాడు. ఊళ్లో మాత్రం ఇప్పటికీ పైసలు పోగొట్టింది కోడలేనని అనుకుంటారు. ఆమె ఎవరికీ చెప్పలేదు. గిరి చెప్పలేదు. చెప్పవలసినవాణ్ణి నేనే కాబట్టి వాళ్లు చెప్పరు.

సైదులు ఆ మాట అక్కడ అనకపోతే మారయ్య అడిగేవాడు కాదు. అడగకపోతే నేను జవాబు చెప్పకుండా ఉండేవాణ్ణి కాదు. ఇంట్లో ఎప్పుడో ఒకప్పుడు గిరికి చెప్పుకునేవాణ్ణి. వాడు దాన్ని ఊరి నడుమకు తెచ్చాడు. అందుకే వాడిని క్షమించను. ఇది న్యాయమా అంటే నాకు అక్కర లేదు.

పండుగలు వస్తే మంద కాసే పిల్లలు ఫోన్లు పట్టుకుని నా దగ్గరికి వస్తారు. వచ్చిన గిరాకీ నిజమేనా తాతా అని అడుగుతారు. వాళ్లకు చెబుతాను. గొర్రె నడుము పట్టి చూడనివాడు కొనేవాడు కాదు. పైసలు వచ్చేటప్పుడు పిన్ కొట్టొద్దు. పోయాయో, ముందు 1930కి చెప్పండి, ఊరు ఏమనుకుంటుందో తర్వాత చూసుకోవచ్చు. ఆ చీటీ ఇప్పటికీ ఫోను అట్ట కింద ఉంది. తీసి చూపిస్తాను. ఎవరు రాశారని అడిగితే మాత్రం అట్ట బిగించేస్తాను.

వాడు పంపిన రూపాయి ఖాతాలోనే ఉంది. వాపసు ఇవ్వడానికి మనిషి లేడు.

పెద్దమనుషులు మళ్లీ వస్తే మంచినీళ్లిచ్చి పంపిస్తాను. సైదులు కూతురి పెళ్లికి నేను పోను. ఎందుకు పోలేదని ఎవరైనా అడిగినా, చివరికి గిరే వచ్చి అడిగినా, ఈ సంగతి మీద ఇక నోరు విప్పను. జమ్మి చెట్టు దగ్గర మాట్లాడలేదు. ఇక మాట్లాడను.